మూత మీది వెండి స్టిక్కరు

నిన్న డ్యూటీ దిగి వస్తూ పాలు కొందామని స్టేషను పక్క షాపులో దూరాను. డబ్బు కట్టే టిల్ దగ్గర, చూయింగ్ గమ్ పక్కన, చిన్న చిన్న పాకెట్లు వేలాడుతున్నాయి. ఆ స్టిక్కర్లే. మళ్ళీ వేశారు. అప్పటి పిల్లలు ఇప్పుడు సంపాదించుకుంటున్నారు కదా, వాళ్ళ జేబుల కోసం. నాకు ఒళ్ళు మండింది. ఆస్పత్రి ఫార్మసీలో పన్నెండు గంటలు నిలబడి వచ్చినదాన్ని. అక్కడ నా పనే స్టిక్కర్లు అంటించడం. ఎవరి మందు, రోజుకి ఎన్ని పూటలు, తిండికి ముందా తర్వాతా. ఇంటికొచ్చే దారిలో కూడా స్టిక్కర్లేనా అనుకుంటూనే ఒక పాకెట్ కొన్నాను. బస్సులో చింపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వెనకటి వాసన లేదు. అప్పట్లో లోపల గులాబీ రంగు బబుల్ గమ్ ముక్క ఉండేది, దాని చక్కెర పొడి స్టిక్కర్లకి అంటుకుని తియ్యగా వాసనొచ్చేది. ఇప్పుడు ఉత్త కాగితం.

ఎరగనివాళ్ళకి చెప్పాలి కదా. ఇంట్లో వాడే సరుకులన్నిటినీ వెక్కిరించే బొమ్మలు అవి. చూడగానే మనం రోజూ తాగే టీ పాకెట్టే అనిపిస్తుంది, అదే రంగు, అవే అక్షరాలు. దగ్గరగా చూస్తే కప్పులో కప్ప ఈదుతూ ఉంటుంది. బట్టల సబ్బు పొడి పెట్టెలోంచి బురద కారుతుంటుంది. టూత్‌పేస్ట్ నొక్కితే వానపాము వస్తుంది. ఆలూ క్రిస్ప్స్ పాకెట్లో కాలి గోళ్ళు. స్కూల్లో పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. అందులో అంత నవ్వేముందో నాకు మొదట్లో అర్థం కాలేదు. మా ఇంట్లో ఏ డబ్బా మీద రాసింది ఆ డబ్బాలో ఉండి చచ్చిందని! ఐస్‌క్రీమ్ డబ్బా మూత తీస్తే గోంగూర. కాఫీ సీసాలో ఆవాలు. ఖరీదైన బిస్కెట్ల డబ్బాలో సూదీ దారం, అమ్మ జాకెట్ల హుక్కులు. మమ్మల్ని చూసే ఈ స్టిక్కర్లు కనిపెట్టారేమో అనుకున్నాను.

లండన్ ఎయిర్‌పోర్టు పక్కన హౌన్స్‌లోలో ఉండేవాళ్ళం అప్పుడు. పై అంతస్తులో రెండు గదులు మావి, కింద ముందు గది ఆంటీ వాళ్ళది, వంటిల్లు ఉమ్మడి. ఇంటి మీదుగా విమానాలు ఎంత కిందకి దిగేవంటే, ఒకటి వచ్చినప్పుడల్లా మాట ఆపేసి, అది పోయాక ఆపిన చోటినుంచే అందుకునేవాళ్ళం. ఇప్పటికీ నేను మాట్లాడుతూ మధ్యలో ఆగుతానని నా స్నేహితులు దెప్పుతారు. అమ్మ విమానాల్లో పెట్టే భోజనాలు సర్దే కిచెన్‌లో, నాన్న వేర్‌హౌస్‌లో. ఇద్దరి షిఫ్టుల రోటాలూ ఫ్రిజ్ మీద పక్కపక్కన అంటించి ఉండేవి. ఆ రెండూ ఒకచోట కలిసేది ఎప్పుడో ఆదివారం. తక్కిన రోజుల్లో స్కూలు నుంచి వచ్చాక నన్ను చూసుకునేది ఆంటీయే.

ఆంటీది గోదావరి పక్క. చీర మీద కార్డిగన్, కార్డిగన్ నిండా పోపు వాసన. అంకుల్ ఒక రెస్టారెంటులో వంటవాడు. ఎవరింటికొచ్చినా ఆయన ముందుగా చెప్పే మాట ఒకటుంది.

"మా ఆవిడ ఆ రోజుల్లోనే టెన్త్ పాసండీ. పెళ్ళిచూపుల్లో అదొక్కటే అడిగాను. అందం చందం మనకెందుకు, పిల్ల చదువుకున్నదైతే చాలు అన్నాను."

ఆంటీ వెంటనే "టీ పెట్టనా?" అని లేచిపోయేది. సిగ్గనుకునేదాన్ని. తలుపులోంచి ఉత్తరాలు పడితే అంకుల్ "నువ్వు చూడవే" అని ఆవిడకి ఇచ్చేసి పనికి పోయేవాడు. ఆంటీ కాసేపు అటూ ఇటూ తిప్పి, "నా కళ్ళజోడు ఎక్కడ తగలడిందో" అని నన్ను పిలిచేది. "అమ్మడూ, నీకు ఇంగ్లీషు ఎలా వస్తోందో చూద్దాం. గట్టిగా చదువు." నేను చదివేదాన్ని. చివర్లో "తప్పుల్లేవు. శభాష్" అని చేతిలో జీడిపప్పు పెట్టేది. కౌన్సిల్ ఉత్తరం, జీపీ డాక్టరు ఉత్తరం, కరెంటు బిల్లు, అన్నీ నాకు ఇంగ్లీషు పరీక్షలే. ఆ కళ్ళజోడుని మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

ఆంటీ మా రెండు వీధుల్లో ఉండే స్టూడెంట్లకి వండి పెట్టేది. ఎనిమిది మంది. అందరూ ఎమ్మెస్సీలని వచ్చి, చదువు రెండు రోజులు, ఎయిర్‌పోర్టు కార్గోలో చాకిరీ అయిదు రోజులు చేసేవాళ్ళు. మూడున్నరకి వాళ్ళని ఎక్కించుకునే వ్యాన్ వచ్చేది. ఆలోపు హాలులో చెప్పుల అర పైన ఎనిమిది డబ్బాలు వరసగా ఉండాలి, ఎవరిది వాళ్ళు తీసుకుపోతారు. అందరికీ ఒకటే కూర అయితే బాధే లేదు. ఒకడు గుడ్డు ముట్టడు, ఒకడికి కారం పడదు, ఒకడికి రెండింతలు చికెన్ కావాలి. అందుకని మూతల మీద మార్కర్‌తో ఎవరి పేరు వాళ్ళు ఇంగ్లీషులో రాసుకున్నారు. అన్నీ ఒకేలాంటి టేక్‌అవే డబ్బాలు.

"ఈ నల్ల గీతలేంటే దరిద్రంగా" అంది ఆంటీ ఒకరోజు. "నీ దగ్గర బొమ్మలు డబుల్ ఉన్నాయిగా. వీటి మీద అంటించు. తినేవాళ్ళకి సరదాగా ఉంటుంది."

నేను ఎగిరి గంతేశాను. పేర్ల మీదే అంటించాను. కారం పడనివాడికి కప్ప టీ, డబుల్ చికెన్‌కి గోళ్ళ క్రిస్ప్స్, గుడ్డు ముట్టనివాడికి వానపాము పేస్ట్. ఆంటీ ఒక్కొక్క మూతా చేతిలోకి తీసుకుని, బొమ్మ మీద వేలు పెట్టి, ఎవరిదని అడిగి, తల ఊపింది. ఒక్కసారి చెబితే చాలు, మళ్ళీ అడగలేదు. ఆ వారం నుంచి స్టూడెంట్లు ఒకళ్ళనొకళ్ళు ఆ పేర్లతోనే పిలుచుకోవడం మొదలుపెట్టారు. "ఒరేయ్ వానపామూ, వ్యాన్ వచ్చిందిరా!" అని వీధంతా వినబడేది.

చలి ముదిరాక వాళ్ళలో ఒకతను అయ్యప్ప మాల వేసుకున్నాడు. వరంగల్ వైపు మనిషి. వాళ్ళమ్మకి పెద్ద ఆపరేషన్ అయి, బాగై ఇంటికొచ్చిందట. ఆ మొక్కు. మాల వేసుకున్నాక అందరికీ అతను స్వామే, నాక్కూడా. నల్ల చొక్కా, నల్ల లుంగీ, ఆ గడ్డకట్టే చలిలో ఉత్తి కాళ్ళతో వచ్చేవాడు. పక్కింటి తెల్ల ముసలావిడ చూసి, పాపం బూట్లు కొనుక్కోలేడనుకుని, పోయిన మొగుడి బూట్లు తుడిచి తెచ్చిచ్చింది. స్వామి వద్దనలేక, వేసుకోలేక, ఆ జతని నలభై ఒక్క రోజులూ మా గుమ్మం పక్కన పెట్టుకుంటానన్నాడు.

స్వామికి వండటానికి ఆంటీ ముందే ఒప్పుకోలేదు. "నా వల్ల కాదు బాబూ, ఇక్కడ కోడీ మేకా అన్నీ ఉడుకుతాయి. నాకు పాపం చుట్టకు." స్వామి బతిమాలాడు. చివరికి కొత్త గిన్నెలు, అతని పేరుతో అదే రకం కొత్త డబ్బా కొన్నారు, విడిగా కరెంటు స్టవ్ పెట్టారు. ఆంటీ తెల్లారకముందే తలస్నానం చేసి, ముందు అతని వంట చేసి, దాన్ని విడిగా దించి పెట్టాకే చికెన్ సంగతి చూసేది. జుట్టు ఆరక రోజూ జలుబే. అయినా మానలేదు. ఆ డబ్బా మీదకి ఏ బొమ్మ అంటే, నా స్టిక్కర్లన్నీ మంచం మీద పరిపించి వెండి దాన్ని ఎత్తింది. "ఇది మెరుస్తోంది. దేవుడి మనిషికి ఇదీ." నా దగ్గరున్న ఒకే ఒక్క వెండి స్టిక్కరు. జున్ను పెట్టె, అందులోంచి ఆవిర్లు కక్కుతున్న పాత సాక్సు. మూత చూసి స్వామి పడీపడీ నవ్వాడు.

"గిదేంది ఆంటీ! చెప్పులు సుత లేకుండ తిరిగేటోనికి సాక్సు బొమ్మ పెడ్తరా?"

ఇచ్చేశాను గానీ నా ప్రాణం ఆ మూత మీదే ఉండేది. నా ఆల్బమ్‌లో వెండి దాని చోటు పోతే ఇంకొక్క గడే ఖాళీ. చడ్డీ తొడుక్కున్న బీన్స్ డబ్బా. అది మా క్లాసులో ఎర్రజుట్టు వాడి దగ్గర రెండున్నాయి. వాడు వెండి దానికి తప్ప ఇవ్వనన్నాడు. వారం రోజులు ఓర్చుకున్నాను. వారం! ఆ వయసులో అది తక్కువేం కాదు. ఒక పొద్దున్న స్కూలుకి బయల్దేరుతుంటే, కడిగి బోర్లించిన మూతలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. గోటితో అంచు లేపితే స్టిక్కరు చిరగకుండా మొత్తం వచ్చేసింది. కింద మార్కర్‌తో రాసిన స్వామి పేరు చెక్కుచెదరలేదు. పేరుంది కదా, ఇంకేం, అనుకున్నాను.

రెండు రోజుల ముందే ఒక కొత్త కుర్రాడు చేరాడు. అతని మూత మీద పేరుందిగానీ బొమ్మ లేదు. "కొత్తవాడికి అంటించవేమే?" అని ఆంటీ రెండుసార్లు అడిగింది. రేపు, రేపు అన్నాను. అంటే, ఆ పొద్దున్నదాకా బొమ్మ లేని మూత ఒకటే. నేను పోయాక రెండు.

సాయంత్రం బీన్స్ స్టిక్కరు జేబులో పెట్టుకుని, మంచులో జారుకుంటూ, ఊరంతా నాదే అన్నట్టు ఇంటికొచ్చాను. ఆలస్యంగా వచ్చాను. ఆంటీ హాలులో మెట్ల మీద కూర్చునుంది. అర ఖాళీ, వ్యాన్ ఎప్పుడో వెళ్ళిపోయింది. నన్ను చూసి ఏదో అడగబోయింది. అంతలో ఆవిడ ఫోన్ మోగింది. కొత్త కుర్రాడు. బ్రేక్‌లో ఉన్నట్టున్నాడు, స్పీకర్‌లో అన్నీ చప్పుళ్ళు.

"ఆంటీ, ఇవాళ చికెన్ అన్నారుగా. నా డబ్బాలో బీరకాయ పప్పు వచ్చిందండీ. పర్లేదులెండి, బాగానే ఉంది."

ఆంటీ ఫోన్ నా చేతిలో పెట్టేసింది. "స్వామికి చెయ్యవే. తినొద్దని చెప్పు. తొందరగా."

చేశాను. మోగి మోగి ఆగిపోయింది. పనిలో ఫోన్లు లాకర్లో పెట్టించేస్తారు. మళ్ళీ చేశాను. ఆంటీ నా పక్కనే నిలబడి శరణుఘోష చెప్పుకుంటోంది, స్వామి రోజూ చెప్పేది విని విని వచ్చినది.

"బట్ ఆంటీ, హిజ్ నేమ్ వాజ్ ఆన్ ఇట్" అన్నాను. "పేరుంది కదా, మూత మీద."

"ఏ పేరే?" అంది ఆంటీ.

నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. గట్టిగా చదువు, తప్పుల్లేవు, శభాష్. జీడిపప్పు. ఎక్కడా లేని కళ్ళజోడు. అన్నీ ఒక్కసారే తెలిశాయి. పదేళ్ళ పిల్లకి తెలియాల్సినవి కావు అవి. ఆంటీ నా నోటి మీద చెయ్యి వేసింది, గట్టిగా కాదు.

"నువ్వొస్తావని చూశానే" అంది. "మూడున్నరదాకా గుమ్మంలోనే నిలబడ్డాను."

స్వామి ఏడింటికల్లా వచ్చేశాడు. షిఫ్ట్ మధ్యలో వదిలేసి వచ్చాడు. వెనకే నలుగురు స్టూడెంట్లు. మా అమ్మా నాన్నా ఇంకా రాలేదు గానీ, ఆ రోజు అంకుల్‌కి సెలవు, ఆయనా ఉన్నాడు. స్వామి గుమ్మంలో ముసలావిడ బూట్ల పక్కన కూర్చున్నాడు. ఒక్క ముద్ద తిన్నాడట. నోట్లో పెట్టుకున్నాక తెలిసిందట. మాట్లాడిందంతా గోళ్ళ క్రిస్ప్సే, ఆ డబుల్ చికెన్ కుర్రాడు.

"ఇంత లావు అక్షరాలతో పేరు రాసుంది ఆంటీ. ఇది చూసి కూడా చికెన్ పెట్టారంటే ఏమనుకోవాలి? విడిగా వండటం విసుగొచ్చి కావాలని చేశారనుకోవాలా?"

"నోరు జాగ్రత్త!" అన్నాడు అంకుల్. మళ్ళీ ఆయనే ఆవిడ వైపు తిరిగాడు. "ఏమే, టెన్త్ పాసైనదానివి, నాలుగక్షరాలు చూసుకోలా?"

ఆ ఒక్క ప్రశ్నకి రెండే జవాబులున్నాయి. చదవడం రాదు అంటే పాపం పోతుంది, పదిహేనేళ్ళ కాపురంలో అబద్ధం బయటపడుతుంది. చూసుకోలేదు అంటే అబద్ధం దాగుతుంది, పాపం నెత్తిన ఉంటుంది. నేను స్టిక్కరు పీకానని చెప్పినా అంతే, పేరుంది కదా అంటారు. ఆ లెక్క నాకు అప్పుడే తెలిసిపోయింది. అయినా నోరు తెరిచాను. భయానికో, ఏడుపొచ్చో.

"ఆంటీ కాదు, ఐ—"

"నువ్వెళ్ళి హోంవర్క్ చేసుకో." ఆంటీ నా వైపు తిరగనే లేదు. "నాదే బుద్ధి గడ్డి తింది బాబూ. కళ్ళజోడు పెట్టుకోలేదు. పరధ్యానంలో చేతికందింది పెట్టేశాను."

వాళ్ళు ఇంకా ఏదో అనబోతే స్వామి లేచాడు. "ఇగ చాలు. తెల్వక అయింది. ఆంటీని ఎవ్వరేం అనకుండ్రి." ఇండియాలో వాళ్ళ గురుస్వామికి ఫోన్ చేస్తే తలస్నానం చేసి దీక్ష సాగించమన్నాడట. స్వామికి మనసొప్పలేదు. మర్నాడు మాల తీసేశాడు. చొక్కా మార్చుకుని, సాక్సులు వేసుకుని, ఆ బూట్లు తొడుక్కుని పనికి పోయాడు. కిటికీలోంచి ముసలావిడ చూసి ఎంత సంతోషపడిందో.

తర్వాత ఎవ్వరూ గొడవ పెట్టలేదు. ఒక్కొక్కళ్ళే మానేశారు. రేపట్నుంచి వద్దాంటీ, షిఫ్ట్ మారిందాంటీ, రూమ్‌లో వండుకుంటున్నాం ఆంటీ. మూతలు మాత్రం తిరిగిచ్చారు, కప్పలతో, వానపాములతో సహా. చివరిదాకా తిన్నది ఒక్క స్వామే, అప్పటికి అతన్ని ఎవరూ స్వామి అనడం లేదు. పండగ సెలవులయ్యేసరికి అంకుల్ లీడ్స్‌లో వేరే రెస్టారెంటు చూసుకున్నాడు. "దీనికి మతిమరుపు మొదలైందండీ" అని మా నాన్నతో చెప్పాడు. ఆంటీ వెనకాలే నిలబడి వింది.

వెళ్ళే రోజు నన్ను గదిలోకి పిలిచి ఆల్బమ్ తెమ్మంది. పేజీలన్నీ తిప్పింది. వెండి దాని గడి తప్ప ఒక్కటీ ఖాళీ లేదు, దాని డబుల్ నా దగ్గర ఎప్పుడూ లేదు, దాని చోటు ఉత్త గీతలు. అక్కడ వేలు పెట్టి ఆగింది. నేనే ఏడుపు అందుకుని, బీన్స్ స్టిక్కరుని ఆల్బమ్‌లోంచి పీకి ఆవిడ చేతిలో పెట్టాను. ఒక మూల చిరిగింది.

"పిచ్చి మొహమా" అంది. "మనిద్దరం ఒకటేనే. తెలుగక్షరం నాకూ రాదు, నీకూ రాదు. కానీ నీకు ఇంకా వయసుంది. నేర్చుకో. ఎవ్వరికీ చెప్పకు."

రెండు మాటలూ నిలబెట్టాను. వారాంతాల్లో గుడి హాల్లో చెప్పే క్లాసుకి పోయి, నాకన్నా చిన్న పిల్లల మధ్య కూర్చుని, అ ఆలు దిద్దాను. అమ్మ ఊరంతా గొప్పగా చెప్పుకుంది. ఎందుకు నేర్చుకుంటున్నానో అడగలేదు.

ఆంటీని మళ్ళీ చూసింది ఒకే ఒక్కసారి. యూనివర్సిటీలో ఉండగా, లీడ్స్‌లో ఎవరిదో గృహప్రవేశానికి వెళితే కనపడింది. జుట్టు నెరిసింది, కార్డిగన్ అదే వాసన. ఆవిడ ఫోన్ వెనక, ప్లాస్టిక్ కవరు కింద, ఒక మూల చిరిగిన బీన్స్ డబ్బా. భోజనాలయ్యాక నన్ను కోట్లు తగిలించే గదిలోకి తీసుకుపోయింది. తలుపు దగ్గరికేసి, హ్యాండ్‌బ్యాగ్ అడుగునుంచి నాలుగు మడతల కాగితం తీసింది.

"నీ ఇంగ్లీషు ఎలా ఉందో చూద్దాం" అంది. "మెల్లగా చదువు."

జీపీ డాక్టరు క్లినిక్ నుంచి వచ్చిన ఉత్తరం. కళ్ళ పరీక్షకి అపాయింట్‌మెంట్. ఎప్పుడడిగినా కళ్ళజోడు లేదంటోందని అంకులే రాయించాడట. తేదీ అయిపోయి తొమ్మిది రోజులైంది. చెప్పాను. ఆంటీ కాగితం మళ్ళీ నాలుగు మడతలు పెట్టింది.

"పోనీలే. నా కళ్ళకేం, గుండ్రాళ్ళలా ఉన్నాయి" అంది. "తప్పుల్లేవు. శభాష్."

ఫోన్ చేసి క్షమాపణ అడగొచ్చుగా అంటారేమో. చేశాను, ఆ తర్వాతి నెల. ఆ స్టిక్కరు సంగతి ఎత్తగానే "ఏ స్టిక్కరు తల్లీ? నాకేం గుర్తులేదు" అంది. పక్కన అంకుల్ దగ్గు వినిపిస్తోంది. ఉత్తరం రాద్దామంటే ఆవిడ చదవలేదు. చదివి పెట్టమని ఎవరికిచ్చినా అంతా తెలిసిపోతుంది. ఫార్మసీ కౌంటర్ దగ్గర వారానికి ఒకరైనా "కళ్ళజోడు మర్చిపోయాను, కాస్త నువ్వే చెప్పు" అంటారు. నేను ఇంకేం అడగను. లేబుల్ మీద సూర్యుణ్ణి, చంద్రుణ్ణి గీసి ఇస్తాను. అలా గీయకూడదని మా మేనేజరు రెండుసార్లు మందలించింది.

నిన్నటి పాకెట్లో అయిదు స్టిక్కర్లొచ్చాయి. వెండిది లేదు. వస్తే మాత్రం ఏ మూతకి అంటించను?

అందుకే ఇది తెలుగులో రాశాను, ఎవరి పేరూ పెట్టకుండా. ఎప్పుడో, ఎవరింట్లోనో, కాలక్షేపానికి ఎవరో ఒకరు దీన్ని పైకి చదువుతారు. అంకుల్ కూడా వింటాడేమో. ఎవరి కథో అనుకుంటాడు. టీ పెట్టనా అని ఒకావిడ మాత్రం లేస్తుంది.

ఆంటీ, కాసేపు కూర్చోండి. ఆ స్టిక్కరు పీకింది నేనే.